నేను మకరోనులు చేయ నేర్చిన విధము



వంటను గూర్చి ఒక పావుగంట మాటలాడుమని నన్ను కోరిరి. నాకు 71 సంవత్సరములు. 33 ఏండ్లు ఉన్నత పాఠశాలలో గణితము బోధించినవాడను. నా భార్య జీవించియున్నంత కాలము వంటయింటిలో నాకు తెలిసిన పని, కాఫీ ఇంకను రాలేదేమని గుమ్మమునొద్ద నిలిచి అడుగుట యొక్కటే. అట్టివాడు వంటను గూర్చి ప్రసంగించుట హాస్యాస్పదమని నాకును తెలియును. అయినను నేను చెప్పబోవు వంటకము మన యిండ్లలో చేయునది కాదు గనుక, తప్పులు పట్టువారు తక్కువగా నుందురను ధైర్యముతో ఒప్పుకొంటిని.

ఆ వంటకము పేరు మకరోన్. అది ఫ్రాన్సు దేశపు మిఠాయి. రెండు వ్రేళ్ల వెడల్పున గుండ్రని బిళ్లలు రెండు, వాని నడుమ మెత్తని తీపిపూత; ఇదియే దాని రూపము. పైపొర మిక్కిలి పలుచన. పంటి క్రింద పడిన వెంటనే చిట్లును. లోపలిభాగము మెత్తగా, కొంచెము సాగుచు నుండును. ప్రతి బిళ్ల అడుగు అంచున నురుగు గడ్డకట్టినట్లు చిన్న కుచ్చు కనబడును. దానిని అక్కడివారు పాదమందురు. పాదము లేని మకరోను వారి దృష్టిలో మకరోనే కాదు. ఇక దానిలో పడు వస్తువులు మూడే: బాదంపప్పు పొడి, పంచదార, కోడిగ్రుడ్డులోని తెల్లసొన. గోధుమపిండి లేదు, నెయ్యి లేదు, నూనె లేదు.

గ్రుడ్డు అనగానే వినుచున్న పెద్దలలో కొందఱు మొగము ముడుచుకొని యుందురు. నేనును అట్లు ముడుచుకొన్నవాడనే. కనుక ముందు నా సంగతి కొంత చెప్పవలసియున్నది.

మాది కోనసీమలో గౌతమి యొడ్డున ఒక గ్రామము. ఏటి కావలిగట్టున యానాము. 1954లో ఫ్రెంచివారు యానామును విడిచిపోవునాటికి నేను పసివాడను. మా పెద్దలు ఆ దొరల మాటలు, వారి న్యాయస్థానములు, వారి సారాయి దుకాణములు, వీనిని గూర్చి కథలుగా చెప్పుకొనుచుండిరి. వారి మిఠాయిని గూర్చి ఎవరును ఒక్క ముక్క చెప్పిన జ్ఞాపకము లేదు. ఫ్రాన్సు దేశముతో మా యింటికి సంబంధము కలుగునని నేను కలలోనైనను అనుకొనలేదు.

మాకు ఒక్కతే కుమార్తె. 2008లో పైచదువునకు ఫ్రాన్సు వెళ్లినది. 2012లో ఆ దేశస్థుని ఒకనిని వివాహమాడ నిశ్చయించి, నాకు పది పుటల ఉత్తరము వ్రాసినది. నేను దానికి ప్రత్యుత్తరము వ్రాయలేదు. వివాహమునకు వెళ్లలేదు. ఆ తరువాత ఎనిమిది సంవత్సరములు ఆమెతో మాటలాడలేదు. నా భార్య మాత్రము, నేను సాయంకాలము రావిచెట్టు అరుగు మీదికి పోయిన తరువాత, పెరటిలో కూర్చుండి ఫోనులో మాటలాడుచుండెడిది. అది నాకు తెలియును. నాకు తెలియునని ఆమెకును తెలియును. ఆ విషయము మా నడుమ ఎన్నడును రాలేదు. 2014లో మనుమరాలు పుట్టినదని కూడ ఆమె నాతో నేరుగా చెప్పక, ఒక ఛాయాచిత్రమును నా పంచాంగములో పెట్టినది.

2020 మే నెలలో నా భార్య గుండెజబ్బుతో మరణించినది. అది విమానములు నిలిచిపోయిన కాలము. అమ్మాయి రాలేకపోయినది. మా అన్నకుమారుడు ఫోను పట్టుకొని యుండగా, ఆమె అందులోనుండియే తల్లిని కడపటిసారి చూచినది. అప్పుడు ఆ చిన్న అద్దములో నేను నా బిడ్డ మొగమును ఎనిమిదేండ్లకు చూచితిని. ఏదో అనవలెనని, "అన్నము తింటివా?" అని అడిగితిని. మా మాటలు అక్కడ మొదలైనవి.

2022 నవంబరు కడపట, ఆమె పంపిన టిక్కెట్టుతో ఫ్రాన్సు వెళ్లితిని. వారుండునది నాన్సీ అను పట్టణము; దేశమునకు ఈశాన్యమున, లొరేన్ ప్రాంతములో నున్నది. అక్కడ స్తానిస్లాస్ చౌకమని, బంగారుపూత పూసిన ఇనుప ద్వారములతో 18వ శతాబ్దమునాటి దివ్యమైన కట్టడములు కలవు. చూడదగినవే. అయితే నా మనసు వాని మీద లేకుండెను. నాకిచ్చిన అనుమతి 90 దినములకే. ఎనిమిదేండ్ల లెక్క 90 దినములలో సరిపెట్టవలెనను తొందర ఒకవైపు, ఎక్కడ మొదలుపెట్టవలెనో తెలియని సిగ్గు ఒకవైపు.

అల్లుడు రైలు శాఖలో ఇంజనీరు. మితభాషి. అతనికి తెలుగు రాదు, నాకు ఫ్రెంచి రాదు. ఇద్దఱకును వచ్చిన ఇంగ్లీషు, వాతావరణమును గూర్చి మాటలాడుటకు మాత్రము చాలియుండెను. మనుమరాలికి అప్పుడు ఎనిమిదేండ్లు నిండి తొమ్మిదవ ఏడు. "తాతయ్యా" అను మాట, "రండి", "తినండి", "వద్దు" అను మూడు మాటలు తల్లి నేర్పినది. ఈ నాలుగు మాటలతో ఆ పిల్ల నాతో సంసారము నడుపుచుండెను.

వెళ్లిన నాలుగవ దినమున ఒక సంగతి జరిగెను. ఉదయమున మంచు పడుచుండగా, పిల్ల బాల్కనీ తలుపు తెఱచి, వణుకుచు ఒక అట్టపెట్టెను లోనికి తెచ్చి, తల్లి కసరగా మరల బయట పెట్టుట చూచితిని. అవి గ్రుడ్లు. నేను వచ్చుచున్నానని అమ్మాయి గ్రుడ్లను ఇంటినుండి వెళ్లగొట్టి బాల్కనీలో పెట్టినదట. నా కొఱకు గిన్నెలు వేఱుగా కొని, పొయ్యి కడిగి, మా యింటి పద్ధతి యావత్తు జ్ఞాపకముంచుకొని సిద్ధపఱచినది. పిల్ల మాత్రము తల్లిని ఫ్రెంచిలో ఏదో అడిగినది. ఏమనుచున్నదని నేను పట్టుపట్టగా, అమ్మాయి తల వంచుకొని తెలుగుచేసి చెప్పినది: "తాతయ్యకు గ్రుడ్లనిన భయమా అని అడుగుచున్నది."

నవ్వు వచ్చినది గాని నవ్వలేకపోయితిని. నేను పోయి ఆ అట్టపెట్టెను తెచ్చి బల్లమీద పెట్టితిని. నేను తినను, అది నా అలవాటు. మీ యింటిలో మీరు తినుటకు బయట మంచులో పెట్టనేల అని అంటిని. అమ్మాయి ఏమియు అనలేదు. పెట్టెను తీసి శీతలపేటికలో పెట్టుచు, చాలసేపు ఆ తలుపు పట్టుకొని అట్లే నిలిచినది.

ఆ పట్టణమునకును మకరోనులకును గల సంబంధము నాకు ఆ వారములోనే తెలిసెను. ఫ్రాన్సున విప్లవము చెలరేగిన కాలమున, 1792లో, సన్న్యాసినుల మఠములను రద్దు చేసిరి. నాన్సీలోని ఒక మఠమునుండి వెడలవలసివచ్చిన ఇద్దఱు సన్న్యాసినులు, మార్గరిత్ గైయో, మరీ ఎలిసబెత్ మొర్లో అనువారు, ఒక వైద్యుని యింట తలదాచుకొని, మఠములో తాము చేసికొనుచుండిన బాదము మిఠాయిని అమ్మి జీవించిరి. జనులు వారిని మకరోను అక్కసెల్లెండ్రనిరి. వారుండిన వీధిభాగమునకు 1952లో ఆ పేరే పెట్టిరి. ఆ వీధిపేరు పలకను నేను చూచితిని. దిక్కులేనివారికి వంట కూడుపెట్టుట మనకును తెలిసినదే. రాజమహేంద్రవరములోను కాకినాడలోను జంతికలు, అప్పడములు చేసి బిడ్డలను చదివించిన వితంతువులను మనమెఱుగుదుము. వారిలో ఎవరి పేరును మనము వీధికి పెట్టినట్లు లేదు.

నాన్సీ మకరోను ఒంటి బిళ్ల. నడుమ పూత ఉండదు, పైన బీటలు వారియుండును, రంగు ఉండదు. రంగురంగుల జంట బిళ్లలు పారిస్ నగరపు పద్ధతి. అక్కడ 1862లో స్థాపితమైన లాద్యురే అను అంగడివారు, తమ బంధుకోటిలోని పియేర్ దెఫొంతేన్ అను నతడు 20వ శతాబ్దములో రెండు బిళ్లలను పూతతో జతచేసెనని చెప్పుకొందురు. మకరోను పేరు ఇటలీ భాషనుండి వచ్చినది. 1533లో కాతరీన్ ద మెదీసీ అను రాజకుమారి తన వంటవాండ్రతో దానిని ఇటలీనుండి తెచ్చినదను కథ ప్రచారములో నున్నది గాని, దానికి తగిన ఆధారము కానరాదు. రాణుల పేరు పెట్టినగాని మిఠాయికి గౌరవము రాదని ప్రతి దేశమునను అనుకొందురు కాబోలు.

మనుమరాలి పుట్టినదినము ఫిబ్రవరి మొదటి వారమున. పారిస్ పద్ధతి మకరోనులు ఇంటనే చేసి తోటి పిల్లలకు పెట్టవలెనని ఆమె కోరిక. తల్లికి ఆసుపత్రిలో పని, తీరిక లేదు. తండ్రి ఒకసారి ప్రయత్నించి ఓడిపోయినాడట. ఆ పిల్ల నా యెదుట నిలిచి, తన దగ్గరనున్న మాటలన్నియు పోగుచేసి, "తాతయ్యా, రండి" అనినది. నేను వెళ్లితిని.

మొదటి దినమున నా చేతిలో గ్రుడ్డు పెట్టినది. 69 ఏండ్ల వయసున మొదటిసారి దానిని పట్టుకొంటిని. చల్లగా, నేననుకొన్నదానికంటె బరువుగా నుండెను. పగులగొట్టుటలో మూడు పాడైనవి. ఇందు ఒక నియమము కలదు: తెల్లసొనలో పచ్చసొన చుక్కయైనను పడరాదు. పచ్చసొనలో క్రొవ్వు ఉన్నది. క్రొవ్వు తగిలిన తెల్లసొన ఎంత గిలకొట్టినను నురుగు నిలువదు. గిన్నెకు నూనె జిడ్డు ఉన్నను అంతే. తెల్లసొనలోని మాంసకృత్తులు చుట్టచుట్టుకొనియున్న దారములవంటివి. గిలకొట్టగా విచ్చుకొని, గాలిబుడగల చుట్టు అల్లుకొనును. మొదట సబ్బునురుగువలె, తరువాత మంచువలె, తుదకు కవ్వము పైకెత్తిన కొన నిటారుగా నిలుచునంత గట్టిగా అగును. గిన్నెను తలక్రిందులు చేసినను జారదు. పిల్ల ఆ గిన్నెను నా బట్టతలమీద బోర్లించి నిరూపించినది.

ఆ నురుగులో బాదంపొడి, మెత్తని పంచదార పొడి జల్లించి కలుపవలెను. ఈ కలుపుటయే అసలైన విద్య. దానికి వారి భాషలో మకరోనాజ్ అని ప్రత్యేకముగ ఒక పేరే యున్నది. తక్కువ కలిపిన పిండిలో గాలి మిగిలి బిళ్లలు గుట్టలుగా లేచి పగులును. ఎక్కువ కలిపిన గాలి యంతయు పోయి పెనముమీద నీళ్లవలె పాఱును. సరియైన పదును ఏదని గ్రంథములో వెదకిన, లావావలె ప్రవహింపవలెనని యున్నది. లావాను నేనెక్కడ చూచితిని? అమ్మాయి రాత్రి ఇంటికి వచ్చి, గరిటెతో పిండిని ఎత్తి వదలి చూచి, "నాన్నా, అమ్మ చెప్పెడు గరిటెజారు ఇదే" అనినది. ఆ మాటతో నాకు తెలిసిపోయినది. గరిటెనుండి పట్టీవలె తెగకుండ జారి, పడినచోట 20 లెక్కపెట్టులోగా కలిసిపోవలెను. మా మనుమరాలు అప్పుడు నేర్చిన అయిదవ తెలుగు మాట గరిటెజారు. ఫ్రెంచి నాలుకకు ఱకారము కఠినము గాదు, టకారమే కష్టపెట్టినది.

తరువాత ఆ పిండిని, కొనకు గొట్టము బిగించిన సంచిలో నింపి, అంటుకొనని కాగితము పఱచిన పళ్లెముమీద బిళ్లలుగా ఒత్తవలెను. జంతికల గొట్టము త్రిప్పిన చేయి అయినచో సులువు. నావి మొదట కోడిగ్రుడ్డు, అరటికాయ ఇత్యాది ఆకారములలో వచ్చినవి. ఒత్తిన పిమ్మట పళ్లెమును రెండు మూడుమార్లు బల్లమీద కొట్టిన పెద్ద బుడగలు పోవును. ఆపైన అరగంట మొదలు గంటవరకు ఊరక ఉంచవలెను. పైన వ్రేలు ఆనించిన అంటని పొర కట్టవలెను. ఈ పొర ఎందుకనగా, ఓవెనులో వేడి తగిలినపుడు లోపలి నీరు ఆవిరియై పైకి రాజూచును. పైన ఎండిన పొర అడ్డగించును. దారి లేక ఆవిరి బిళ్లను అడుగునుండి పైకెత్తుచు అంచులగుండ వెడలును. అట్లు వెడలుచు నురుగును బయటికి త్రోయును. అదియే పాదము. పొర కట్టకముందే వేడికి పెట్టిన, ఆవిరి నెత్తిమీదనే చీల్చుకొని పోవును. పిల్లలకు నేను చెప్పిన భౌతికశాస్త్రమంతయు ఒక బిళ్లలో ఇమిడియున్నదని నాకు ఆశ్చర్యము కలిగినది.

ఇంతయు తెలిసినను, ఆఱుమార్లు చెడినవి. మొదటివి పాఱిపోయి నాణెములవలె పలుచనైనవి. రెండవవి ఎండిన చెఱువువలె బీటలు వారినవి. మూడు, నాలుగు వాయిలు పాదములతో లేచినవి గాని, గోధుమరంగుకు మాడి లోపల డొల్లగా మిగిలినవి. నేను పొడిని రెండుమార్లు జల్లించితిని, నిలువయుంచు కాలము పెంచితిని, తూకము గ్రాముకు సరిచూచితిని. లెక్క తప్పలేదు, ఫలము తప్పుచున్నది. 33 ఏండ్లు పిల్లల తప్పులు దిద్దినవానికి ఇంతకంటె అవమానము లేదు. ఒకనాటి రాత్రి ఆ డొల్ల బిళ్లలను చెత్తబుట్టలో వేయుచుండగా అల్లుడు చూచి, ఏమియు అనక వెళ్లిపోయెను.

మఱునాడు అతడు పనినుండి వచ్చుచు చిన్న ఉష్ణమాపకమును కొనితెచ్చి ఓవెను లోపల వ్రేలాడదీసెను. బయటి ముల్లు 150 డిగ్రీలు చూపుచున్నది. అరగంట తరువాత లోపలి ముల్లు 172 చూపెను. అతడు నావైపు చూచి, ఇంగ్లీషులో నాలుగే మాటలనెను: "తప్పు మీ చేతిది కాదు." ఇండ్లలోని ఓవెనులు చాలభాగము ఇట్లే అబద్ధమాడునని తరువాత తెలిసెను. మేమిద్దఱమును ఆ రాత్రి పదునొకండు గంటలవరకు ఓవెను ముందు స్టూళ్లమీద కూర్చుండి, పది పది నిమిషములకు ముల్లు చదివి ఒక కాగితముమీద పట్టిక వ్రాసితిమి. బయట 130 పెట్టిన లోపల 150 అగునని తేలెను. అతడు పట్టిక క్రింద తేదీ వేసి సంతకము చేసి, నాకును కలమిచ్చెను.

తుదకు కుదిరిన పాళ్లు చెప్పెదను. వ్రాసికొనువారు వ్రాసికొనవచ్చును. బాదంపొడి 150 గ్రాములు, మెత్తని పంచదార పొడి 150 గ్రాములు, తెల్లసొన 110 గ్రాములు, అనగా మూడు నాలుగు గ్రుడ్లది. పాకమునకు పంచదార 150 గ్రాములు, నీరు 50 గ్రాములు. తెల్లసొనలో సగము బాదంపొడి, పంచదార పొడితో కలిపి ముద్ద చేయవలెను. తక్కిన సగము నురుగు కొట్టుచుండగా, 118 డిగ్రీల వేడికి వచ్చిన పాకమును సన్నని ధారగా దానిలో పోయవలెను. ఇది ఇటలీ పద్ధతి. పొడి పంచదారతో కొట్టిన నురుగుకంటె ఇది గట్టిది, క్రొత్తవారిని క్షమించును. ముద్దను నురుగులో గరిటెజారుగా కలిపి, ఒత్తి, ఆరబెట్టి, 150 డిగ్రీలలో 14 నిమిషములు ఉంచవలెను. సుమారు 60 బిళ్లలు వచ్చును.

ఆ పాకము దగ్గర మా మనుమరాలికిని నాకును పందెము జరిగెను. ఆమె ఉష్ణమాపకమును పాకములో ముంచి అంకెలు చదువుచున్నది. నేను ప్రక్కన గిన్నెలో చల్లని నీళ్లు పెట్టుకొని, చెంచాతో పాకపు చుక్క వేసి వ్రేళ్లతో నలుపుచున్నాను. మొదట కరగిపోయినది. తరువాత తీగ సాగినది. మఱికొంతసేపటికి మెత్తని ఉండ చిక్కినది. "అయినది" అని నేను తెలుగులో కేకవేసితిని. అదే క్షణమున ఆమె తన భాషలో 118 అని కేకవేసినది. అరిసెల పాకమును నా భార్య ఇట్లే చూచెడిది. సంక్రాంతికి ముందు ఆమె నీళ్లగిన్నె పట్టుకొని నిలిచియుండగా నేను గుమ్మమునుండి చూచియుంటిని గాని, ఇది జ్ఞాపకములో నిలుచునని ఎఱుగను. అమ్మాయి ఆసుపత్రినుండి అప్పుడే వచ్చి, కోటు విప్పకుండనే తలుపునొద్ద నిలిచియుండెను. "అమ్మ వ్రేళ్లు కాలెడివి. నీవు చెంచా వాడుచున్నావు" అని మాత్రము అనినది. నేను ముందు పాకమును నురుగులో పోయవలసియుండెను, ఆలస్యమైన గట్టిపడును. పోసితిని.

పుట్టినదినమున అన్ని బిళ్లలకును పాదములు వచ్చినవి. నడుమ చాక్లెటును మీగడను సరిసమానముగ వేడిచేసి కలిపిన పూత. దానిలో ఏలకుల పొడి నా చేర్పు. చేసిన దినముననే తినరాదు, ఒక దినము శీతలపేటికలో నుంచిన పూతలోని తడి బిళ్లలోనికి ఇంకి మెత్తబడును. ఈ నియమము పిల్లలచేత పాటింపజేయుట మాత్రము ఓవెనును సరిచేయుటకంటె కష్టము.

పదునాఱుమంది పిల్లలు వచ్చి క్షణములో పళ్లెములు ఖాళీ చేసిరి. ఆ గోలలో మా పిల్ల ఒక బిళ్లను రెండు చేతులతో పట్టుకొని వచ్చి, "తాతయ్యా, తినండి" అనినది. నేను "వద్దు" అంటిని. ఆమెకు వచ్చిన మాటే గనుక అర్థమైనది. చేసినవాడు తినకపోవుట ఏమని ఆమె కన్నులు అడిగినవి. అమ్మాయి వచ్చి ఫ్రెంచిలో ఏదో సర్దిచెప్పి తీసికొనిపోయెను. తినినచో ఏమగును అని ఆ రాత్రి చాలసేపు ఆలోచించితిని. ఏమియు కాదు. అయినను 69 ఏండ్ల నోరు ఒక పుట్టినదినమునకు మాఱదు. తొమ్మిదేండ్ల క్రింద ఆ పిల్ల పుట్టిననాడు మాఱవలసినది మఱొకటి యుండెను, అది మాఱలేదు.

రెండు దినముల తరువాత ఉదయమున వంటయింటిలో ఒక గిన్నెలో కాబూలీ శనగలు నానుచుండుట చూచితిని. అల్లుడుగారు నానబెట్టినారు. సాయంకాలము వానిని ఉడికించి, శనగలు తీసివేసి, ఆ నీటిని చిక్కబడునట్లు మరగించి, రాత్రి యంతయు చల్లార్చినారు. మఱునాడు ఆదివారము. ఆ నీటిని గిన్నెలో పోసి యంత్రముతో గిలకొట్టగా, అయిదు నిమిషములకు తెల్లనై, పది నిమిషములకు కొన నిటారుగా నిలిచెను. నేను నమ్మలేక గిన్నె తలక్రిందులు చేసితిని. జారలేదు.

ఈ గుణమును కనిపెట్టినది జొయెల్ రొయెసెల్ అను ఫ్రాన్సు సంగీతజ్ఞుడు. 2014లో పప్పుగింజలు ఉడికిన నీరు తెల్లసొనవలె నురుగు కట్టునని ఆయన లోకమునకు తెలిపెను. మఱు సంవత్సరము అమెరికాలో గూస్ వోల్ట్ అను నతడు, ఆ నీరును పంచదారయు ఉన్న మెరాంగు తయారగునని చూపి, దానికి ఆక్వాఫాబా అని పేరు పెట్టెను. లాటిను భాషలో నీరు, చిక్కుడుగింజ అని ఆ మాటల అర్థము. ఉడికిన గింజలనుండి మాంసకృత్తులు, పిండిపదార్థములు, కుంకుడుకాయలోవలె నురుగునిచ్చు సపోనినులు నీటిలోనికి దిగుటయే దీని కారణము. మనవారు ఉలవలుడికిన నీటిని పాఱబోయక చారు కాచి, గింజలను పశువులకు పెట్టిరి. ఆ నీటిని కవ్వముతో గిలకొట్టి చూడవలెనని మనకు మాత్రము తోచలేదు.

శనగనీటి మకరోనులకు వేడి తగ్గించవలెను. 120 డిగ్రీలలో అరగంట వరకు ఉంచితిమి. పాదములు కొంచెము వంకర. ఒక పళ్లెములో సగము పగిలినవి. శనగవాసన వచ్చునేమో అని భయపడితిని గాని, బాదము ముందు అది నిలువలేదు. అల్లుడుగారు ఒక బిళ్లను చిన్న పళ్లెరములో పెట్టి నా యెదుట నుంచి, రెండు చేతులు వెనుకకు కట్టుకొని నిలిచినారు. అమ్మాయి నేర్పగా పలికిన "మావయ్యగారూ, తినండి" అను మాటలు వారి నోట వచ్చినవి. నేను తింటిని. నిజము చెప్పవలెనన్న, తీపి మిక్కిలి యెక్కువ. మన పూతరేకులో నున్న పొదుపు దానిలో లేదు. అయినను ఆ పూట నాలుగు తింటిని.

ఫిబ్రవరి నడుమ తిరిగివచ్చితిని. వచ్చిన కొన్ని నెలలకు కాకినాడనుండి ఒక చిన్న ఓవెను తెప్పించి, జూలైలో ప్రయత్నించితిని. వర్షములు పట్టియున్నవి. బిళ్లలు ఒత్తి మూడు గంటలు ఉంచినను పొర కట్టలేదు. వ్రేలికి జిగురువలె అంటినవి. నాన్సీలో చలికాలమున ఇల్లు వెచ్చజేయు యంత్రములవలన గాలి పొడిగా నుండును. అందుచే అక్కడ అరగంటకే ఆరినవి. గోదావరి గాలికి ఆ గుణము లేదు. ఎదురింటివారికి శీతలయంత్రమున్న గది ఒకటి కలదు. వారి పిల్లవాడు ఆ గదిలో పరీక్షలకు చదువుకొనుచుండగా, నేను రెండు పళ్లెములు తీసికొనిపోయి వాని మంచముమీద పఱచితిని. ముప్పాతిక గంటలో పొర కట్టినది. వాడు ఆఱు బిళ్లలు అద్దెగా పుచ్చుకొనెను.

బాదము ఖరీదు చూచి, ఒకసారి మోరి జీడిపప్పుతో చేయబోయితిని. జీడిపప్పులో నూనె త్వరగా వదలును. ఎక్కువసేపు విసరిన పొడి ముద్దయగును. పంచదార పొడి కలిపి, ఆపి ఆపి విసరవలెను. తమిళదేశమున తూత్తుకుడిలో జీడిపప్పు, పంచదార, తెల్లసొనలతో కొనదేలిన మకరూనులు చేసి అమ్ముదురు. అవి వేఱు రకము, పొడిగా నోటిలో కరగునవి. జీడిపప్పుతో నావి పాదములు తక్కువగా వచ్చినవి గాని, రుచి మా వీధివారికి బాదముకంటె నచ్చినది. శనగనీటితో చేసినవని చెప్పిన ఇంటికి చెప్పియు, గ్రుడ్డుతో చేసినవని చెప్పవలసిన ఇంటికి చెప్పియు పంచితిని. దాచిపెట్టి పెట్టరాదు.

ప్రతి ఆదివారము మనుమరాలు ఫోనులో నా పళ్లెమును పరీక్షించును. గరిటెను ఎత్తి చూపుమనును. జాఱుడు ఎక్కువైన తల అడ్డముగా త్రిప్పును. ఆమెకు ఇప్పుడు తెలుగు మాటలు నలుబదికి పైగా వచ్చినవి. వానిలో సగము వంటింటివే. నాకు ఫ్రెంచి మాటలు అంతకంటె తక్కువ.

రాబోవు ఫిబ్రవరిలో అక్కడి బడులకు సెలవులు. ముగ్గురును మా ఊరికి వచ్చుచున్నారు. అల్లుడుగారు మా గ్రామమును చూచుట అదియే మొదటిసారి. వర్షకాలములో రావద్దని, ఫిబ్రవరిలో గాలి కొంత పొడిగా నుండునని నేనే వ్రాసితిని. బాదంపప్పు కిలో తెచ్చి డబ్బాలో పోసి మూత బిగించితిని. నా భార్య అరిసెల పాకమునకు వాడిన ఇత్తడి గిన్నె అటకమీదనుండి దింపించి, చింతపండుతో తోమించితిని. మొన్నటి ఫోనులో వారు నన్ను ఒక్కటే అడిగిరి: అక్కడి ఓవెను ముల్లు నిజము చెప్పుచున్నదా అని. చెప్పుట లేదు, ఉష్ణమాపకమును తెండు అని చెప్పితిని.

సెలవు.